సోమవారం తూకం

పొద్దున ఆరింటికి వ్యాసర్‌పాడి కట్ట మీద
మొదటి లోకల్ బండి కూసేసరికి
తూకం యంత్రాన్ని గది మధ్యలో పెట్టి
దాని కాలి కింద మడిచిన అట్టముక్క దోపుతాను.
ఈ నేల ఎప్పుడూ సముద్రం వైపు కాస్త వాలే ఉంటుంది.
అట్టముక్క లేకపోతే
ఒక్కొక్కడూ పావు కిలో తక్కువ తూగుతాడు.
ఆ సంగతి నాకూ యంత్రానికీ తప్ప ఎవరికీ తెలియదు.

చెప్పులు విడిచి, నిక్కరు మీద, ఊపిరి బిగబట్టి
ఒకడి తరవాత ఒకడు ఎక్కుతారు.
ఊపిరి బిగిస్తే బరువు తగ్గదురా అంటే నవ్వుతారు.
వచ్చే సోమవారం మళ్ళీ బిగిస్తారు.

పెంచలయ్య ఎనభై ఎనిమిది.
సూళ్లూరుపేట పక్కనించి వచ్చినవాళ్ళ మనవడు.
హార్బర్‌లో మూటలు మోసిన తాత భుజాలు
ఏ వీలునామా లేకుండానే
వీడికి అట్టానే దిగినాయి.
గోలు ముందు నిలబడితే
ఎవరో లోపల్నించి గడియ పెట్టినట్టుండేది.

కొత్త కోచ్ వచ్చాడు. మంచివాడే, లెక్కల మనిషి.
ఎత్తుకింత, ఈడుకింత అని గోడకి పట్టిక అంటించాడు.
పెంచలయ్య పేరు చుట్టూ ఎర్ర సున్నా.
లీగు మొదలయ్యేలోపు ఎనభై రెండుకి రావాలి.

ఆరు కిలోలు.
అంటే మా వీధి చివరి కొట్లో మూడు కోళ్ళు, ఈకలతో సహా.
అంటే వాడి చెల్లెలి బిడ్డ, నాలుగో నెలలో.
ఎంతలే అనుకున్నాం.

వాడు రాత్రి అన్నం మానేశాడు.
అత్తో బండి దగ్గర
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు రోడ్డు దాటి నడిచాడు.
ఉడికిన గుడ్లలో తెల్లది తిని పచ్చసొన నాకిచ్చేవాడు.
వాడు పోగొట్టుకున్నదాంట్లో సగం
నా పొట్ట మీదే ఉంది, కావాలంటే చూసుకోండి.

ఎనభై ఆరు. ఎనభై నాలుగున్నర. ఎనభై రెండు.
నా పుస్తకాన్ని కోచ్ ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.
ముప్పై గజాల పరుగులో పెంచలయ్య
కుర్రోడు ఖాదర్‌ని దాటేశాడు.
మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు మూలగడంలేదన్నా, అన్నాడు.
నిజమే. అబద్ధమెందుకు, అదీ చెప్పాలి.

మొదటి ఆట.
డెబ్బయ్యో నిమిషం, కార్నర్.
అవతలి తొమ్మిదో నంబరు వాడు వీపు ఆనించాడు.
రెండేళ్ళుగా అదే వీపు, అదే పెంచలయ్య.
ఈసారి మావాడు కదిలాడు.
కిటికీ కర్టెన్ జరిగినట్టు, చప్పుడు లేకుండా.
బంతి వలలో పడ్డాక
తన భుజాన్ని తనే తడుముకున్నాడు,
చెకింగ్ ఎక్కాక బస్సు టికెట్టు వెతుక్కునే మనిషిలా.

గదిలో ఎవరూ ఎవరి వంకా చూడటంలేదు.
ఓసారి తూచన్నా, అన్నాడు.
డెబ్బై తొమ్మిదిన్నర.
మిగతా రెండున్నర కిలోలు
మద్రాసు ఉక్కపోత తాగేసింది.
ఏం చెయ్యాలో తోచక
వాడు విప్పిన చొక్కాని కూడా తూచాను.
ఏడువందల గ్రాములు.
దాన్ని రాయడానికి నా పుస్తకంలో గడి లేదు.

నేనూ ఆడినవాణ్ణే. అరవై ఒక్క కిలోలు.
బక్కోడా, గాలికి ఎగిరిపోతావురా అనేవాళ్ళు.
గాలికి పోలేదు.
ఎండిన నేల మీద, ఒక్క టాకిల్‌కి పోయాను.
ఇంకో పది కిలోలుంటే ఆగేవాణ్ణా,
ఇంకా గట్టిగా పడేవాణ్ణా?
ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని తూస్తున్నాను,
ఆ ఒక్కటీ ఏ అంకె చూసినా తేలలేదు.

మరుసటి సోమవారం
కోచ్ పట్టిక ముందు చాలాసేపు నిలబడ్డాడు.
ఎనభై రెండు కొట్టేసి, పెన్సిల్‌తో
ఎనభై అయిదు రాసి
పక్కన ప్రశ్నగుర్తు పెట్టాడు.
ఆ మనిషి ప్రశ్నగుర్తు పెట్టగా చూడటం నాకదే మొదలు.
భుజాలు వేరే, పొట్ట వేరే అని గొణుక్కుంటూ
ఇసుక బస్తాలు ఎక్కడ దొరుకుతాయని నన్నడిగాడు.
హార్బర్ వైపు చెయ్యి చూపించాను.

మధ్యాహ్నం పెంచలయ్య గుడ్లు వలుస్తున్నాడు.
అలవాటుగా చెయ్యి చాపాను.
నా అరచేతిలో పెంకులు పోసి
గుడ్డు మొత్తం నోట్లో వేసుకున్నాడు.