తిక్-తుక్ మేళం

శుక్రవారాలు ఈ హాలు తాళాలు నావి.
బాక్స్ హిల్‌లో ట్రామ్ దారి అయిపోయే చోటుకి
నాలుగడుగులు ఇవతల, పసుపు ఇటుకల హాలు.
తొమ్మిదిన్నరకి హీటరు కట్టేసి, దీపాలార్పి
రిజిస్టరులో సంతకం పెట్టడం నా ఉద్యోగం.

జూలైలో వేదికకి చెద పట్టింది.
కౌన్సిల్ వాళ్లొచ్చి ఎర్ర టేపు చుట్టి
"ఎక్కరాదు" అని కాగితం అంటించి పోయారు.
ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే
ఎనిమిదిమంది ఆడవాళ్లు, అందరూ డెబ్బై దాటినవాళ్లే,
టేపు వంక చూసి పకపకా నవ్వారు.

లౌ చ్యూయింగ్ గారు మోకాలి పట్టీ సర్దుకుని
రీసైక్లింగ్ డబ్బాలు నాలుగు బోర్లించమన్నారు.
వాటి మీద మడత బల్లల చెక్కలు.
"నిబంధనలు..." అన్నాను.
"మొదటిసారీ ఇంతే" అన్నారు.

ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే
ఒకటిన్నర వాక్యం.
తక్కినదంతా చేతులే చెప్పాయి.

కొండల నడుమ ఒక జిల్లా. కోతలయ్యాక పనుల్లేని నెలలు.
ఇద్దరు కూలీలు గడపగడపకీ వెళ్లి పాడతారు.
ఒక చెక్క, ఒక బుల్లి డోలు.
తిక్. తుక్.
ఇంటావిడ బియ్యప్పిండి బిళ్లలు సంచిలో వేస్తుంది.
పెళ్లి కుదిరిన ఇంట పెళ్లిపాట,
పిసినారి ఇంట పొగడ్త రెండింతలు.
పాటకి కథ తోడైంది, కథకి అలకలూ ఏడుపులూ.
ఇద్దరు కాస్తా ఆరుగురయ్యారు.
ఒక వసంతంలో ఎవరో అన్నారు:
నేల మీదెందుకు, ఎక్కి ఆడండి.
ధాన్యం నూర్చే తొట్లు నాలుగు బోర్లించి
ఇళ్ల తలుపులు ఊడదీసి పరిచారు.
ఆ రాత్రి తలుపుల్లేని ఇళ్లలో ఒక్క చెంబూ పోలేదట,
దొంగలూ ఆట చూస్తున్నారు గనక.

పేరేం పెట్టాలో తోచక జనం
చప్పుడునే పేరు చేశారు.
తిక్-తుక్ మేళం.

పడవెక్కి షాంఘై పోతే పట్నం నవ్వింది.
తిరిగొచ్చారు. మళ్లీ పోయారు.
కమానుతో మీటే తీగల వాద్యం ఒకటి చేర్చుకున్నారు.
తర్వాత ఆడపిల్లల్ని చేర్చుకున్నారు.
కొన్నేళ్లకి మేళంలో
మగవేషాలు తప్ప మగవాళ్లు మిగల్లేదు.

లౌ గారి తల్లి ఆ పిల్లల్లో ఒకతె.
మూడేళ్లు పాడితే ఉంగరం చేయిస్తామన్నారు.
పదకొండేళ్లకే, జానెడు మందం అడుగున్న బూట్లలో,
పరీక్షకి వెళ్లే పండితుడి నడక పట్టింది.
ఉంగరం రాలేదు.
నడక మిగిలింది.
కూతురి మోకాలి దాకా వచ్చి, పట్టీ కింద
ఇంకా నొప్పి పెడుతూనే ఉంది.

నేను తెనాలివాణ్ణి. మా మేనమామ పాతికేళ్లు రాణి వేషం కట్టాడు,
మా అత్తకంటే బాగా కుచ్చిళ్లు పెట్టేవాడు.
అదీ చేతుల్తోనే చెప్పాను: జడ, కాటుక,
మధ్యాహ్నం రెండోసారి గడ్డం గీసుకోవడం.
లౌ గారు పొట్ట పట్టుకుని నవ్వారు.
"మీ పెళ్లికూతురు, మా పెళ్లికొడుకు. ముహూర్తం పెట్టండి."

చెక్కలు ట్రామ్‌లో మరిచిపోయారట.
అందరూ నా వంకే చూశారు.
నా పెన్నూ, బిస్కట్ల డబ్బా మూతా.
తిక్. తుక్.
అంతకంటే ఏమీ రాదు నాకు, అంతకంటే ఏమీ అడగలేదు వాళ్లు.

పొడుగు తెల్ల చేతుల అంగీ లేదు.
కార్డిగన్ చేతుల్నే వేళ్ల దాకా లాగి విసిరారు లౌ గారు.
ఒక ముక్కా అర్థం కాలేదు.
ఎవరో ఎవర్నో వదిలి వెళ్తున్నారు,
వెళ్లలేక దారిలో ప్రతి చెట్టు దగ్గరా ఆగుతున్నారు.
చివరి స్వరం ఎంతసేపు పట్టి ఉంచారంటే
బల్లచెక్కే ఊపిరి బిగబట్టింది.

ఆపేశారు.
నా నోట ఒక్కటే తెలుగు మాట వచ్చింది,
తెనాలి పందిట్లో మేనమామ పద్యానికి అరిచినట్టు:
"వన్స్ మోర్!"

లౌ గారు చీర్ణాల కళ్లతో చూశారు.
మంచినీళ్లు ఒక గుక్క తాగి
మొదటి చెట్టు దగ్గర్నించి మళ్లీ మొదలుపెట్టారు.

రిజిస్టరులో: మూసిన సమయం తొమ్మిదిన్నర.
గడియారం పది దాటింది.
వేదిక స్థితి అన్న గడిలో "బాగుంది" అని రాశాను.
ఒక డబ్బాకి సొట్ట పడింది.
అది రాయలేదు.