కుందులి దాకా రెండు

భీమిలిలో చక్రాలు తడిపి బయల్దేరి ఇది మూడో రోజు.
సాలూరు దాటాక కొండ మొదలైంది.
డిపోలో అడిగితే ఇప్పటికీ చెబుతారు, కండక్టర్ జోగినాయుడివి,
పాతికేళ్లు ఈ ఘాట్ మీదే టికెట్లు కొట్టినవాడివి.
సుంకికి ఎంతో, పొట్టంగికి ఎంతో
పాత రేటూ కొత్త రేటూ అప్పజెప్పగలవు.
మలుపులెన్నని అడిగితే నీళ్లు నమిలావు.
రోడ్డుకు వీపు పెట్టి నిలబడి
చిల్లర లెక్కపెడుతూ ఎక్కిన కొండ మరి.
ఇవాళే అది నీకు ఎదురొచ్చింది.

నేను వెనక.
ముప్పై తొమ్మిదో ఏట
టీకాల డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని సైకిలు నేర్చుకున్న నర్సుని.
మోకాళ్ల మీద ఆ మచ్చలింకా ఉన్నాయి.
రాళ్లగెడ్డ దగ్గర గొలుసు ఊడితే నేనే ఎక్కించుకున్నాను.
నీ చొక్కా వీపున చెమట
ముందు ఒక దీవి, తర్వాత రెండు,
సుంకి వచ్చేసరికి దేశమంతా.

సామాను పంచింది నువ్వే.
గుడారం గుడ్డ నీకు, చువ్వలు నాకు.
స్టవ్ నాకు, అగ్గిపెట్టె నీకు.
బియ్యం నాకు, ఉప్పు నీకు.
"బరువు సమానం" అన్నావు
తక్కెడ కేసి వేలు చూపించే కిరాణా కొట్టువాడిలా.

సుంకి తర్వాత మైలురాళ్ల మీద అక్షరాలు మారాయి.
మనవాటిలాగే గుండ్రం,
కాని తలకట్టు బదులు ఒక్కోటీ గొడుగేసుకుంది.
"ఇక్కడ వానలెక్కువ కామోసు" అన్నావు.
నవ్వుదామంటే ఊపిరి చాల్లేదు.
పక్కన వాలు పొడుగునా వలిసె పూలు.
ఆగి చూద్దామనుకుంటూనే దాటేశాం.

పొట్టంగి ఎక్కుడులో దిగి తోస్తున్నాను.
నువ్వు చెయ్యెత్తి లారీ ఆపావు.
నన్ను అడగలేదు.
క్లీనరు దిగి నా సైకిలు మీద చెయ్యేశాడు.
మంచం మీంచి ఇవాళే లేచిన మనిషిని చూసినట్టు
నన్ను చూశాడు.
ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు.
"నీ బస్సులో ప్యాసింజర్ని కాను" అన్నది మాత్రం
చుట్టూ కొండలు కూడా విన్నాయి.
ఎక్కి తొక్కేశాను. తర్వాతంతా దిగుడు.
కళ్లలో నీళ్లు గాలికే.

కుందులి సంత పాకల దగ్గర వాన పట్టుకుంది.
సంత రోజు కాదు. ఖాళీ పాకలు, నేలంతా అల్లం వాసన.
గుడ్డ లేని చువ్వలు,
నిప్పు లేని స్టవ్,
ఉప్పు లేని బియ్యం, నేను.
ముక్కుకి మూడు పోగులున్న ముసలామె ఒకతె
మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.
దేశియాలో ఏదో అడిగింది, తెలుగులో ఏదో చెప్పాను.
రెండు వేళ్లు చూపించి ఒకటి ముడిచింది,
రోడ్డు వైపు గడ్డం ఎత్తింది.
అదే, అన్నాను. వస్తాడు.

నలభై నిమిషాలు.
ప్రతి లారీ దీపమూ కాసేపు నువ్వే.

వచ్చావు, గుడారం గుడ్డ నెత్తిన కప్పుకుని
కాళ్లొచ్చిన డేరాలా.
అగ్గిపెట్టె కవర్లో, కవరు టోపీలో.
చక్రాలకున్న బురద చూశాను. లారీ ఎక్కలేదు.
తప్పయిందని నువ్వనలేదు, నేనూ అనలేదు.
నీళ్లు కారే మీసంతో
"కుందులి దాకా రెండు టికెట్లమ్మా" అన్నావు.
చిల్లర లేదన్నాను.

మూడు గ్లాసుల టీ.
ముసలామెకి పంచదార చాల్లేదు.
మేకపిల్ల బియ్యం సంచి మూల కొరికింది.

రాత్రి నిద్రలో స్టాపుల పేర్లు చదివావు.
సుంకి, పొట్టంగి, సిమిలిగుడ, బాడంగి...
బాడంగి ఈ రూట్లో లేదు. మా అమ్మగారి ఊరది.
లేపలేదు నిన్ను.

తెల్లారి రోడ్డు పక్క దుకాణంలో
అగ్గిపెట్టెలు దొంతరగా ఉన్నాయి. రెండేసి రూపాయలు.
ఒకటి చేతిలోకి తీసుకున్నాను కూడా.
అవతల నువ్వు వంగి
ముందు నా టైరులో గాలి నొక్కి చూస్తున్నావు.
పెట్టె మళ్లీ దొంతర మీద పెట్టేసి
అరకిలో అల్లం కొన్నాను,
నీ సంచీలో వెయ్యడానికి.
భవానీపట్నం ఇంకా ఎక్కడో ఉంది.