పడుకోబెట్టిన తెర

మొదట దాన్ని గోడకి నిలబెట్టారు.
ఆరడుగుల గాజు,
దీపాలార్పేసిన దుకాణంలా నల్లగా.
బిగించడానికి విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు
వంశధారని వేలితో ఇటు లాగి, అటు లాగి,
రెండువేళ్ల మధ్య చిటికెడు చేసి మళ్లీ విప్పి
"రాబోయే కాలమంతా ఇదే మేడమ్" అన్నాడు.

రాబోయే కాలానికి నా భుజం పట్టేసింది.
శ్రీకాకుళం కంట్రోల్‌రూములో ఎనిమిది గంటల డ్యూటీ,
చెయ్యెత్తి ఎంతసేపని నిలబడతాను
లెక్క తప్పు చేసిన పిల్లలా?
మూడోవారానికల్లా సొరుగులోంచి మౌసు బయటికొచ్చింది.
తెర మీద దుమ్ము.
దుమ్ములో అటెండరు గవరయ్య వేలిరాత:
అల్లం టీలు ఆరు, పంచదార లేనివి రెండు.

సెప్టెంబరు ఆఖర్న, కళింగపట్నం దగ్గర
వాయుగుండం తీరం దాటుతుందన్న రాత్రి
హిరమండలం నుంచి జీపులో తెచ్చారు
లస్కరు కూర్మినాయుడిని.
గొట్టా గేట్లు ఎత్తీ దించీ, ఎత్తీ దించీ
మెడ బిగుసుకుపోయిన మనిషి. పైకి చూడలేడు.
"గోడమీద ఏరేటి బాబూ?
ఏరన్నాక కిందుంటాది గదా.
దించండి."

ఈఈ గారు నవ్వబోయి ఆగారు.
నాలుగు బోల్టులు విప్పి, రెండు బల్లలు జతచేసి
తెరని వెల్లకిలా పడుకోబెట్టాం.

అప్పుడొచ్చారు చుట్టూ మనుషులు.
అంతవరకూ ఆ గదిలో ఎవడి ఏరు వాడి జేబులో ఉంది,
ఎవడి వాన వాడి ఫోన్లో కురుస్తోంది.
ఇప్పుడు కరెంటాయన మోచెయ్యి నరసన్నపేట మీద,
తహసిల్దారు గారి కళ్లజోడు గార మండలంలో,
ఎవరో పెట్టిన టీగ్లాసు చుట్టూ
సముద్రం కాసేపు వణికి ఊరుకుంది.

కూర్మినాయుడి వేలు తెరకి తెలియలేదు.
గొలుసుల గ్రీజు, కాయలు కాసిన తోలు.
రెండుసార్లు పొడిచాడు.
మాసిందనుకుని తుండుగుడ్డ తీసి
అరచెయ్యంతా ఆనించి గట్టిగా తుడిచాడు.
ఏరంతా జర్రున కిందికి జారి
గుణుపురం దగ్గర ఆగింది.
దానిపైన ఎర్రగా, అప్పటిదాకా ఎవరం చూడని మబ్బు.
"ఓలమ్మా" అన్నాడు.
"తెల్లారేపాటికి మనకాడికొచ్చీసినట్టే."

వీఆర్వో హైమావతి మ్యాపుని మళ్లీ ఊళ్లదగ్గరికి తెచ్చి
ఒకచోట వేలుపెట్టి నిలబడిపోయింది.
"ఈ ఇసకతిప్ప మీద బాతులోళ్ల గుడిసెలు నాలుగున్నాయి సార్.
మీ బొమ్మలో లేవు."
బొమ్మ తీసేనాటికి వాళ్లింకా రాలేదు మరి.
పెన్ను గాజుమీద రాయలేదు.
సంచీలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి
ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ
అంటించింది. మెరూన్ రంగువి.

ఎవరో అలవాటుగా మ్యాపు జరిపారు.
ఇళ్లు జరగలేదు.
వాటి కిందనుంచి ఇసకతిప్ప వెళ్లిపోయింది.
నాలుగు గుడిసెలూ నడి ఏట్లో నిలబడ్డాయి.

"ముట్టుకోకండి" అంది హైమావతి, సార్ అనకుండా.
తిప్పని మెల్లగా వాటికిందికి లాక్కొచ్చింది.
ఆ తర్వాత రాత్రంతా
ముట్టుకోవడానికే చేసిన ఆ గాజుమీద
ఎవరూ చెయ్యి వెయ్యలేదు.
చేతులు వెనక్కి కట్టుకుని
వంగి, వాదించుకుని, మళ్లీ వంగి.

మూడింటికి ట్రాక్టరు వెళ్లింది.
పదమూడు మంది ఎక్కారు.
బాతులు ఎక్కలేదు.

మొన్న ఆ కుర్రాడు ఫోన్ చేశాడు.
"తెర ఎంతవరకు పనికొస్తోంది మేడమ్?
అయిదుకి ఎన్ని చుక్కలేస్తారు?"
"నాలుగు" అన్నాను.

ఇప్పటికీ అది బల్లమీదే ఉంది.
బాతులవాళ్లు నెల్లూరువైపు వెళ్లిపోయి నెలయింది.
గవరయ్య రెండుసార్లు బ్లేడు పట్టుకొచ్చాడు, గీకేస్తానని.
పొద్దున్నే తెర వెలిగిస్తే
బిళ్లలు ఎక్కడో సముద్రంలో ఉంటాయి.
తిప్పని వాటికిందికి జరుపుకుని
అప్పుడు రిజిస్టరు తెరుస్తాను.