ఎవరూ చూడని దెయ్యం

గురువారం ఆఖరి ఆట వదిలేసరికి
షెఫీల్డ్ ఊరంతా తడిసిన బొగ్గులా ఉంది.
ట్రామ్ పట్టాల పక్కన చేపల వేపుడు కొట్టు,
కట్టేయడానికింకా నలభై నిమిషాలు.
ఊగే బల్ల చుట్టూ ఐదుగురం.
ఇక్కడ మేం దెయ్యాలకి మార్కులు వేస్తాం.

మోరీన్ ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలింది.
"ఆ పిల్ల నేలమాళిగలోకి ఒక్కతే ఎందుకు దిగినట్టు?
టార్చి ఉంది, బుర్ర లేదు."
ప్రతి సినిమా మీదా ఇదే మొదటి నేరారోపణ.
పదికి నాలుగు.

జోగారావు ఉక్కు మీద పరిశోధన చేస్తున్నాడు.
తలుపు కిర్రుమంటే చాలు, కుర్చీలో కదులుతాడు.
"బందులకి అంత తుప్పు పట్టాలంటే
పాతికేళ్లు వర్షం లోపలికి కురవాలి.
వీళ్లు ఇల్లు కొన్నది మొన్న వేసవిలోనాయె!"
దెయ్యాన్ని నమ్ముతాడు గానీ
తుప్పుని నమ్మడు.
పదికి మూడున్నర.

తొమెక్‌కి సంగీతం మీద కోపం.
రావలసినవాడు రాకముందే
ఆ వయొలిన్ వచ్చి చాడీలు చెప్పేస్తుందట.

ఇద్రిస్‌ది పెద్దాసుపత్రి మార్చురీలో పని.
అతను మాట్లాడితే మేం నమలడం ఆపుతాం.
"సినిమా శవాలకి పాదాలు మరీ శుభ్రం.
ఒక్కరికీ ఆనెకాయలుండవు.
చచ్చేదాకా ఎక్కడికీ నడవలేదా వీళ్లు?"
అని, వెనిగర్ సీసా వంచుతాడు, మెల్లగా,
ఎవరినో లేపకూడదన్నట్టు.

ఇక నేను.
భయమంటే చూపించేది కాదు, దాచేది
లాంటి మాటలు ట్రామ్‌లోనే తెలుగులో కూర్చుకుని
ఇక్కడ ఇంగ్లీషులో వడ్డిస్తాను.
ఇవాళ కొంచెం ఉత్సాహం ఎక్కువై,
"చివర్లో మెట్ల మీద ఆ ఎర్ర గౌను, అబ్బ!" అన్నాను.

"ఎర్రదా? తెల్లది," అన్నాడు తొమెక్.
"గౌనేమిటి, మగవాడు కదా," జోగారావు.
"జుట్టే లేదు దానికి," మోరీన్,
కానీ ఆ మాట సగంలో నీరుగారిపోయింది.

నూనెలో ఏదో ముక్క చిటపటలాడింది.
కొట్టువాడు తుడుస్తున్న గుడ్డ ఆపి చూశాడు.

మోరీన్ ముందు ఒప్పుకుంది:
తను అప్పుడు బూటు లేసు కట్టుకుంటోంది.
తొమెక్ ఫోన్‌లో టైము చూసుకున్నాడు.
జోగారావుకి కంట్లో నలుసు పడింది,
సరిగ్గా ఆ నిమిషానికే.

నాదైతే ఇంకా ఘోరం.
పదకొండు నెలలు, ముప్పైకి పైగా సినిమాలు,
ఒక్క దెయ్యం ముఖమూ చూడలేదు,
వేళ్ల సందుల్లోంచి కూడా.
ముందు వరసలో పాప్‌కార్న్ చప్పుడు ఆగితే వచ్చిందని,
మళ్లీ మొదలైతే పోయిందని లెక్క.
ఆ లెక్క మీదే ఇన్నాళ్లూ
నటన బావుందనీ, మేకప్ అతి అయిందనీ!

నలుగురం ఇద్రిస్ వైపు తిరిగాం.
శవాల మధ్య టిఫిన్ డబ్బా విప్పుకునేవాడు,
ఇతను చూసే ఉంటాడు.

"పాదాలు బావున్నాయి," అన్నాడు.
"మడమలు పగిలి ఉన్నాయి. మొదటిసారి, నిజంగా."
మరి ముఖం?
ఉప్పు అంటిన వేళ్లు కాగితానికి తుడుచుకున్నాడు.
"అంత పైకి నేనెప్పుడూ చూడను."

కాసేపటికి, ఎవరు ముందో తెలీదు, నవ్వు మొదలైంది.
కొట్టువాడు కుర్చీలు బోర్లిస్తున్నా ఆగలేదు.
ఎవరూ చూడని ఆ దెయ్యానికి
పదికి ఎనిమిది వేశాం.
ఈ ఏడాదికి అదే ఎక్కువ.

బయట సన్నటి వాన, నిలువుటెత్తు వీధులు.
ఒకర్నొకరు దిగబెట్టుకుంటూ ఎక్కాం:
మోరీన్‌ని గుమ్మం దాకా,
తొమెక్‌ని మూల దాకా,
జోగారావు నన్ను దింపి
రోడ్డు మధ్యలో పరుగెత్తాడు,
వాన కోసమే పరుగన్నట్టు.

ఇల్లు చేరినవాళ్లు లైటు వేసి ఒకసారి ఆర్పాలి.
కొండల ఊరు కదా, కిటికీ నుంచి కిటికీ కనిపిస్తుంది.
మోరీన్‌ది వెలిగింది, ఆరింది.
తొమెక్‌ది. కొంచెం ఆలస్యంగా జోగారావుది.
లోయకి అవతల ఇద్రిస్‌ది వెలిగింది.
ఆరలేదు.

మర్చిపోయాడో ఏమో, వచ్చే గురువారం అడగాలి.
ఇక్కడ కరెంటు బిల్లు చూస్తే
ఏ సినిమా అక్కర్లేదు,
అయినా నాదీ ఆర్పలేదు.