మూడో కొలతకీ నాలుగో కొలతకీ మధ్య

నరీన్ నదిలో కలిసే ముందు మా ఏరు
ఇరవై మీటర్ల వెడల్పు. ఊళ్లో అందరికీ తెలుసు,
చెక్క వంతెన పొడవూ అంతే కనక.
లోపల ఎంత నీరుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

బురుల్చా అత్త పని అదే, ఏళ్లు కొలవడం.
రబ్బరు బూట్లు, చెవి మీద పెన్సిలు,
కోటు జేబులో సుద్దముక్కతో కలిసిపోయిన
ఉప్పటి ఎండు పెరుగు ఉండలు.
మే నెలలో ఒక శనివారం, బడి అయ్యాక,
మా ముగ్గురినీ వంతెన ఎక్కించింది.

"గది నేల వైశాల్యం ఎలా కడతారు?"
పొడవుని వెడల్పుతో గుణిస్తామన్నాను.
"ఈ ఏటిని అడ్డంగా కత్తితో కోస్తే
ఆ కోత ముఖానిది?"
పైన తిన్నని నీటి గీత.
కింద, ఎవరి మాటా వినని అడుగు గీత.
దేన్ని దేంతో గుణించాలి?
తొలొగోన్ బుర్ర గోక్కున్నాడు.
జిపారా నీళ్లవైపే చూసింది
జవాబు కొట్టుకొస్తుందేమోనని.

"మీ ఇంట్లో పిండి పరిచి
పట్టీలుగా కోస్తారు కదా పులుసులోకి.
రొట్టె అంచు వంకర.
ఒక్క సన్నని పట్టీ తీసి చూడండి,
దాని కొసన ఎంత వంకరుంటుంది?"
ఆవగింజంత, అంది జిపారా.
"మిగతాదంతా?"
చక్కని దీర్ఘచతురస్రం!
"దాన్ని గుణించడం వచ్చుగా. ఇక కూడిక."

వంతెన పలకల మీద సుద్దతో ఐదు వాటాలు గీసింది,
నాలుగేసి మీటర్లు.
ప్రతి వాటా నడిమధ్యన ఇనప గుండు కట్టిన తాడు దించాం.
సున్నా పాయింట్ ఆరు. ఒకటి పాయింట్ నాలుగు. రెండు.
ఒకటిన్నర. అర.
కూడితే ఆరు, నాలుగుతో గుణిస్తే ఇరవై నాలుగు.
ఏటిని పట్టేశామని చప్పట్లు కొట్టాం.

తొలొగోన్ ఒక్కడూ కొట్టలేదు.
"రాయేది?" అన్నాడు.
ఏ రాయి?
"పోయిన ఎండాకాలం నా బొటనవేలు గోరు ఊడగొట్టిన రాయి.
ఏటి నడుమ, గొర్రెంత ఉంటుంది.
మీ లెక్కలో లేదు."

అత్త నవ్వలేదు. సుద్ద వాడి చేతికిచ్చింది.
"అయితే ఇంకా సన్నగా కోయి."

పది వాటాలు, రెండేసి మీటర్లు.
ఆరో వాటాలో తాడు మధ్యలోనే ఆగింది,
రెండు మీటర్లుండాల్సిన చోట సున్నా పాయింట్ తొమ్మిది.
మూడో కొలతకీ నాలుగో కొలతకీ మధ్య
ఇందాక నక్కి కూర్చుంది వాడి రాయి.
మొత్తం: ఇరవై ఒకటి పాయింట్ రెండు.

మీటరుకొకటి కోస్తే, ఇరవై ఒకటి పాయింట్ ఆరు.
అరమీటరుకొకటి కోస్తే, ఇరవై ఒకటిన్నర.
పడుకోబోయే కుక్క
చుట్టూ తిరిగి తిరిగి, చుట్టు చిన్నది చేసుకుంటూ
ఒక చోట కుదురుకున్నట్టు
అంకె కుదురుకుంటోంది.
చేతులు తాడు ఒరుసుకుని మండుతున్నాయి.

అత్త ఖాళీ పలక మీద ఒక గుర్తు గీసింది,
నిలువునా సాగదీసిన అక్షరం.
గాలం, అన్నాడు తొలొగోన్.
"లాటిన్‌లో 'మొత్తం' అనే మాటకి మొదటి అక్షరం.
కూడికే. కాకపోతే వాటాలు
వెడల్పు ఉందా లేదా అన్నంత సన్నవి.
పెద్ద తరగతుల్లో దీన్ని సమాకలనం అంటారు.
పేరు విని జడుసుకోకండి,
మీ చేతుల్లో తాడు పడ్డ బాధ అదే."

"ఎంత సన్నగా కోస్తే ఆఖరు?" అడిగాను.
"ఆఖరు లేదు. అంకె ఎటు పోతోందో
తెలుసుకోవడమే పని."
"మరి ఆపేదెప్పుడు?"
కొండమీది ఎండ వైపు చూసింది.
"నా ఉద్యోగంలోనా? చీకటి పడ్డప్పుడు."

తాడు చుట్టి భుజాన వేసుకుంది. మాకు తలో పెరుగు ఉండ.
సుద్ద రుచి వచ్చింది నాది.

తొలొగోన్ మాత్రం వంతెన మీదే ఉండిపోయాడు.
ఆరో వాటా దగ్గర వంగి,
పలక మీద తన పేరు రాస్తున్నాడు.