సగం పూసిన పూస

టార్టులో జనవరి. మూడున్నరకే
కిటికీ అవతల చీకటి, నది మీద గట్టిపడ్డ మంచు.
నేలకింది గదిలో హెల్యు
మైక్రోస్కోపు మీద వంగి లెక్కపెడుతోంది,
ఏ కణం ఎన్ని పూసలు మింగిందో.
ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే లెక్క.
కాగితం మీద రెండే గడులు:
లోపల. బయట.

ఉత్త పూసను కణం పట్టించుకోదు.
బాకీ ఉన్నవాడిలా పక్కనుంచే జారిపోతుంది.
అదే పూసకు యాంటీబాడీలు పూసి వదిలితే
బొట్టు పెట్టి పిలిచినట్టే,
అంచున కుచ్చిళ్ళు లేస్తాయి
పొర పాకుతుంది
ఒకదాన్ని పట్టుకుని, పక్కదానికి చేయి చాచి,
దాన్ని పట్టుకుని, ఆ పక్కదానికి,
చుట్టూ తిరిగి
తన అంచును తానే తాకేదాకా.
ఆ తర్వాత పూస బయట లేదు.

"వట్టి రొట్టె దిగదు దీనికి,
పక్కన ఉప్పుచేప ఉండాలి" అంటుంది హెల్యు
కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడితోనూ.

ఇవాళ మాడిస్ తెచ్చిన గొట్టంలో
పూసలకు ఒక వైపే పూత.
పొరపాటో, కావాలనో, చెప్పలేదు.

పొర నడుం దాకా ఎక్కింది.
ఆగింది.
ముందుకు రెండు కుచ్చిళ్ళు విసిరి చూసింది,
నున్నటి గోడ, పట్టు లేదు.
హెల్యు వేడి సరిచూసింది. ముప్పై ఏడు.
చలి కాదు మరి.
టీ చల్లారింది. పొర అక్కడే ఉంది,
మింగలేక, కక్కలేక.

ఆకలి అనుకున్నాను ఇన్నాళ్ళూ,
మొదలైతే ఇక ఆగదనుకున్నాను,
అంది, మాడిస్‌తో కాదు, కటకంతో.
గోరంత జాగా దాటాలన్నా
మళ్ళీ పిలవాలన్నమాట.

"ఏ గడిలో రాయమంటారు?"
హెల్యు స్కేలు తీసుకుని
రెండు గడుల మధ్య
పెన్సిలుతో ఇంకో గీత గీసింది.
దానికి పేరు పెట్టలేదు.

బయటికొచ్చేసరికి మంచు కురుస్తోంది.
పాత కోటు జిప్పు ఎప్పట్లాగే
గుండె దాకా వచ్చి నిలిచిపోయింది,
అక్కడో పన్ను ఊడి మూడు చలికాలాలు.
రోజూ తిట్టుకునేది.
ఇవాళ వీధిదీపం కింద ఆగి
ఆ ఖాళీని వేలితో తడిమి
ఒక్కతే నవ్వింది.
పై సగం చేత్తో మూసుకుని
వంతెన ఎక్కింది.