మగ్గాల మోతలో నేర్చిన మాట

డండీలో గాలి కూడా మెట్లెక్కే వస్తుంది.
దాని వెనకాలే నేను, నాలుగో అంతస్తుకి.
చంకలో ఫైలు, ఫైలులో ఆమె:
ఇష్బెల్ గెడ్డిస్, ఎనభై మూడు, ఒంటరి.
పొరుగువాళ్ల ఫిర్యాదు ఒక్క ముక్కే: వాసన.

తలుపు తీసింది రోరీ, చెల్లెలి కొడుకు.
"పెద్దమ్మకి వినపడదండీ, ఏదున్నా నన్నడగండి."

పదిహేనో ఏట జనపనార మిల్లులో చేరిందట.
మగ్గాలు ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా నమిలి మింగాయి.
ఆమె నేసిన గోనె ఏ రేవులో దిగిందో
ఎవరి బంగాళాదుంపలు మోసిందో ఎవరికెరుక.
ఇప్పుడు గదినిండా సంచులే,
పాత పత్రికలు, ఖాళీ సీసాలు, చించని కవర్లు.
మధ్యలో మనిషి పట్టేంత దారి,
పడుగులో నాడె దూసుకెళ్లే సందులాగ.

ఫ్రిజ్‌లో పాలు పెరుగు దాటి ఇంకేదో అయ్యాయి.
ఎడమ మడమ మీద పుండు.
దానికి కట్టిన టీ తువ్వాలు మీద
నీలం లైట్‌హౌస్, తడిసి, పసుపెక్కి.

నేను అడగాల్సినవి అచ్చులోనే ఉన్నాయి:
ప్రమాదం అర్థమవుతోందా?
నిర్ణయం తనదేనా?
ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా?
మూడోదానికి జవాబు రోరీ చెప్పాడు, లేదని.
బ్యాంకు కార్డు అతని జేబులో ఉంది,
భద్రం కోసమట.

కంచె చేను మేయడం గురించి
మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు.
అసలు కంచే లేని చేను సంగతేమిటని అడిగితే
టీ విరామం అన్నారు.

రోరీ ఫోనుకేసి తిరిగాడు.
అప్పుడు కదిలాయి ఆమె పెదాలు,
శబ్దం లేకుండా, వెడల్పుగా,
ఒక్కో మాటా ఆరబెట్టినట్టు.
నాకు ఒళ్లు జలదరించింది.
మా నానమ్మ వంటింట్లో కూడా ఇలాగే మాట్లాడేది,
మోత ఆగి ఇరవై ఏళ్లయినా.

ఎవరి పిల్లవి?
నేనూ పెదాలే కదిపాను: నెటా పెట్రీ మనవరాలిని.
కళ్లు చిన్నవి చేసి చూసింది. నమ్మింది.

నెలకి నూట ఇరవై పౌన్లు తీస్తాడు. ఒక్కోసారి నూట ఏభై.
పోగులు లెక్కపెట్టి బతికినదాన్ని, నాకు తెలీదా.
దొంగే.
కానీ మంగళవారం, శుక్రవారం తలుపు తట్టే దొంగ.
వాణ్ణి పట్టిచ్చాక ఆ తలుపు ఎవరు తడతారు?
నువ్వా?

చట్టంలో నాకు చాలా తాళంచెవులున్నాయి.
కావాలంటే ఈమెను శుభ్రమైన మంచం మీద పడుకోబెట్టగలను,
వేళకి సూపు, వేళకి మాత్ర,
చుట్టూ ఆమె పెదాలు చదవలేని మనుషులు.
ఆ ప్రశ్నకి మాత్రం
శబ్దం లేని జవాబు కూడా నా దగ్గర లేకపోయింది.

నీ చూపంతా నా కాలి మీదే ఉంది, అంది.
నర్సుని పంపు. కాలొక్కటే చూసుకొని పొమ్మను.
సంచుల జోలికొస్తే తలుపు తీయను.
కార్డో? అన్నాను.
ఆలోచిస్తాను. తొందరపెడితే పోగు తెగుతుంది.

"ఏమంటోంది?" రోరీ తలెత్తాడు.
"చలిగా ఉందంటోంది."
అది అబద్ధం కాదు. గది నిజంగానే చలిగా ఉంది.
అయినా మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా పడలేదు.

కింద, గాలికి కాగితం అదిమిపట్టి, రాశాను:
అర్థం చేసుకోగలదు. డబ్బు పోతోంది. ఆమెకి తెలుసు.
మూడు వాక్యాలూ నిజమే,
పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
ఇందులో ఏది ముందు రాయాలో
నా పైఅధికారి రేపు నాకు చెబుతుంది.

తలెత్తితే కిటికీలో ఆమె. పెదాలు కదుపుతోంది.
నాలుగంతస్తుల దూరం, అద్దం మీద ఆకాశం.
రా అందో, రాకు అందో.

గురువారం, అని రాసుకున్నాను. కట్టుగుడ్డలు.
రోరీ రాని రోజు.